పాత క్యాలెండరు – కొత్త దండ



క్రిస్మస్ వెళ్లి కొత్త సంవత్సరం రాగానే మన ఇండ్లలో తప్పక జరిగే పని ఒకటున్నది. గోడ మీది మేకుకు కొత్త క్యాలెండరు ఎక్కుతుంది, పాతది దిగుతుంది. దిగినదానిని ఏమి చేస్తాము? పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తాము, అలమరలో పరుస్తాము, కొన్నిసార్లు పొయ్యిలో పెడతాము. ఆ పాత కాగితముతో మెడలో వేసికొనే పూసల దండ ఎట్లు చేయవచ్చునో ఈ నెల కుటుంబ శీర్షికలో వ్రాయదలచాను. దండ చేయుటకన్న ముందు, ఆ దండ నాకు నేర్పిన పాఠమును దాచకుండ చెప్పవలసియున్నది.

ఒక ఆదివారము జరిగిన సంగతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం తీరమును తాకింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో, అనగా మన ఉద్దానములో, తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయినవి. కొబ్బరిచెట్టు మరల నాటినా కాపు చేతికి రావడానికి ఏండ్లు పడుతుంది. అంతకుముందే ఆ ప్రాంతపు ఇండ్లను కిడ్నీ జబ్బు పీడిస్తున్నది. చెట్టు పోయి, ఒంట్లో బలము పోయి, చివరకు స్త్రీల మెడలోని బంగారము కూడా తాకట్టు కొట్టుకు పోయిన కుటుంబములు అనేకము.

ఆ మరుసటి సంవత్సరము జనవరిలో నేను ఆ ప్రాంతపు ఒక చిన్న సంఘములో వాక్యము చెప్పుచున్నాను. ఆ దినము నేను ఎన్నుకొన్న భాగము మొదటి పేతురు 3వ అధ్యాయము. జడలు అల్లుకొనుట, బంగారు నగలు పెట్టుకొనుట అనే వెలుపటి అలంకారము కాదు, సాధువైన మృదువైన మనస్సే స్త్రీకి అలంకారమని అపొస్తలుడు అక్కడ బోధించుచున్నాడు. నేను నగల మీద గట్టిగానే మాట్లాడాను. "మెడలో బరువు తీసివేయండి, అప్పుడు ప్రార్థన తేలికగా పైకి వెళ్లును" అని కూడా అన్నాను. ఆ మాట బాగున్నదని నాకే అనిపించింది.

ఆరాధన ముగిసిన తరువాత గుమ్మము దగ్గర అందరికి వందనములు చెప్పుచుండగా ఒక సహోదరి చివరగా వచ్చింది. ఆమె ఎప్పుడూ వెనుక తలుపు ప్రక్కనే, పమిట మెడ చుట్టూ బిగించుకొని కూర్చునేది. చలికని అనుకొనేవాడిని. ఆమె తల వంచుకొని అన్నది –

"తీసీమని సెప్పినారు గదండీ అయ్యగారూ... తియ్యడానికి నా మెడలో ఏటుందండీ?"

పమిట కొంచెము ప్రక్కకు జరిపింది. మెడ ఖాళీగా ఉన్నది. భర్తకు వారమునకు మూడుమార్లు రక్తశుద్ధి చేయించవలెను. మొదట చెవి కమ్మలు, తరువాత నల్లపూసల గొలుసు, చివరకు పుస్తెలు కూడా తాకట్టుకు పోయినవి. మన పల్లెలలో భర్త బ్రతికియుండగా ఖాళీ మెడ అంటే ఏమి అర్థమో మీకు తెలియును. నీళ్ల కుళాయి దగ్గర, జీడిపప్పు ఒలిచే చోట ప్రతివారూ అడుగుతున్నారు. మంచము మీద ఉన్న ఆ సహోదరుడు ఆ మెడను చూచి ముఖము గోడవైపు త్రిప్పుకొంటున్నాడట. ఇదంతయు నాకు తెలియదు. తెలిసికొనుట నా పని, నేను తెలిసికొనలేదు.

ఆ మధ్యాహ్నము నేను అన్నము తినలేదు. నా భార్య సంగతి అడిగి తెలిసికొని, ఏమియు అనకుండ గోడ మూలనున్న పాత క్యాలెండరు చుట్టను తీసింది. పిల్లల సెలవు బైబిలు పాఠశాల కొరకు కాగితపు పూసలు చేయుట ఆమె ఎప్పుడో నేర్చుకొన్నది. "ఆమెకు చేసి ఇస్తే దానము అవుతుంది. ఆమెనే రమ్మందాము, అందరమూ కలిసి చేసుకొందాము" అన్నది. ఆ గురువారము స్త్రీల సమాజ కూడికలో పని మొదలయింది.

కావలసిన వస్తువులు

పాత క్యాలెండరు కాగితము ఒకటి (10 అంగుళముల ఎత్తు, 15 అంగుళముల వెడల్పు ఉంటే చాలు), స్కేలు, పెన్సిలు, కత్తెర, సన్నని నున్నని పుల్ల లేక పాత సైకిలు స్పోకు, ఫెవికాల్ లేక ఇంట్లో ఉడికించిన మైదా జిగురు, కొంచెము వార్నిషు లేక రంగులేని గోళ్ల పాలిషు, వలలు అల్లే నైలాన్ దారము రెండు మూరలు, మధ్యలో వేయుటకు 18 గింజలు.

తయారు చేయు విధానము

1. కాగితమును అడ్డముగా పరచి, క్రింది అంచున అంగుళమునకు ఒకటి చొప్పున గుర్తులు పెట్టండి. పై అంచున మొదటి గుర్తు అర అంగుళము దగ్గర పెట్టి, అక్కడినుండి మరల అంగుళమునకు ఒకటి పెట్టండి. క్రింది గుర్తును పై గుర్తుతో, పై గుర్తును తరువాతి క్రింది గుర్తుతో స్కేలు పెట్టి కలపండి. పొడవైన త్రికోణములు వస్తాయి. నిలువుగా 15, తలక్రిందులుగా 14, మొత్తము 29. రెండు అంచులలో మిగిలే సగము ముక్కలు పనికిరావు.

2. త్రికోణపు వెడల్పు భాగమును స్పోకు మీద పెట్టి చుట్టుట మొదలుపెట్టండి. రంగు బొమ్మ వెలుపలికి కనబడవలెను. మొదటి చుట్టుకు జిగురు వద్దు, స్పోకుకు అంటుకొని పోతుంది. ఆ తరువాత పలుచగా జిగురు రాస్తూ, మొన సరిగా మధ్యలోకి వచ్చునట్లు బిగువుగా చుట్టండి. మధ్య లావుగా, చివరలు సన్నముగా, బార్లీ గింజ ఆకారములో అంగుళము పొడవు పూస వస్తుంది. వదులుగా చుట్టినది తరువాత విడిపోతుంది. ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

3. పూసను మెల్లగా స్పోకు నుండి జార్చి ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. తరువాత ఒక్కొక్క పూసను చీపురుపుల్లకు గ్రుచ్చి, ఆ పుల్లలను అరటిబోదె ముక్కలో వరుసగా నిలబెట్టి వార్నిషు రాయండి. ఒకటి ఆరిన తరువాత రెండవ పూత. మైదా జిగురు వాడినవారు పూత విషయములో అశ్రద్ధ చేయకూడదు. మైదాకు చీమలు, బొద్దింకలు వస్తాయి. పూత సరిగా పడితే చెమటకు కూడా తట్టుకొంటుంది. స్నానమునకు మాత్రము తీసి పక్కన పెట్టవలసినదే.

4. దారమునకు మొదట ఒక గింజ, తరువాత ఒక కాగితపు పూస, మరల గింజ – ఇట్లు 17 పూసలు, 18 గింజలు గ్రుచ్చండి. గింజ సుమారు సెంటీమీటరు ఉంటుంది గనుక దండ మొత్తము 24 అంగుళములు వస్తుంది. తలమీదుగా వేసికొనవచ్చును, కొక్కెము అక్కరలేదు. నైలాన్ ముడి జారే గుణము గలది. మూడు ముళ్లు వేసి, వాటిపై చుక్క గోళ్ల పాలిషు వేసి, ముడిని గింజ రంధ్రములోనికి లాగండి.

ఒక నెల కాగితముతో ఒక దండ అవుతుంది, ఇంకను 12 త్రికోణములు మిగులుతాయి. మొదట చుట్టేవారికి పాడైపోయేవి పోను అవి సరిపోతాయి.

"క్యాలెండరు మీద వాక్యమున్నది, కత్తిరించవచ్చునా?" అని ఒక పెద్దమ్మ అడిగింది. వాక్యమున్న భాగమును ముందే విడిగా కత్తిరించి ఆదివారపు బడి పిల్లలకు కంఠత చేయుటకు ఇచ్చాము. కాగితము పరిశుద్ధము కాదు. అయినను ఒక పెద్దామె మనస్సాక్షి నొచ్చుకొంటే దానిని గౌరవించుట మన విధి (1 కొరింథీ. 8).

మధ్యలో వేసే గింజలు

వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగే ఒక గడ్డిజాతి మొక్కకు బూడిదరంగు, తెలుపు కలిసిన మెరిసే గింజలు కాస్తాయి. నూనె రాసినట్లు నిగనిగలాడతాయి. దీని శాస్త్రీయ నామము కోయిక్స్ లక్రిమా-జోబి. లక్రిమా-జోబి అనగా యోబు కన్నీటిబొట్టు. గింజ ఆకారము చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. ఇంకొక విశేషమేమంటే, ఈ గింజకు రెండు వైపులా రంధ్రము పుట్టుకతోనే ఉంటుంది. లోపలి మెత్తని ఈనెను గట్టి సూదితో తోసివేస్తే దారము ఎక్కుతుంది. బాగా ఎండి రంగు తిరిగిన గింజలనే కోయవలెను. పచ్చివి ఎండినప్పుడు ముడుచుకొంటాయి.

అవి దొరకనివారు గుమ్మడి గింజలు, పుచ్చ గింజలు తడిగా ఉన్నప్పుడే సూదితో గ్రుచ్చి ఆరబెట్టుకొనవచ్చును. చింతపిక్కలను రాత్రంతా నానబెట్టి రంధ్రము చేయవచ్చును గాని, పూర్తిగా ఎండకుంటే పురుగు పడుతుంది. ఓపిక ఉన్నవారు కొబ్బరిచిప్ప ముక్కలను గరుకు రాతి మీద అరగదీసి, నడుమ రంధ్రము చేసి వాడుకొనవచ్చును. ఆ సంవత్సరము మన ఉద్దానములో కొబ్బరిచిప్పలకు కొదువ లేదు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరిగా చెప్పవలెను. మొదటిది, పచ్చి జీడిపిక్కలు. వాటి పెంకులోని జిడ్డు చర్మమును కాల్చి పుండ్లు చేస్తుంది. పలాస ప్రాంతపు జీడి పనివారి చేతులు చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. రెండవది, గురివింద గింజలు. ఎరుపు నలుపు కలిసి ఎంత అందముగా ఉన్నా, దాని లోపల ఉన్నది ప్రాణము తీయగల విషము. గట్టి పెంకు పగలనంతవరకు అది లోపలే ఉంటుంది. సూదితో గ్రుచ్చినా, పిల్లలు నమిలినా బయటికి వస్తుంది. పూర్వము కంసాలులు బంగారము తూచుటకు ఈ గింజలనే వాడేవారు. ఒక్కొక్కటి సుమారు 0.12 గ్రాము. త్రాసుకు పనికివచ్చింది, మెడకు పనికిరాదు. తన నలుపు తానెరగని గురివిందను గూర్చి మన పెద్దలు చెప్పే సామెత ఆ వారమంతా నా చెవిలో మ్రోగుతూనే ఉన్నది. ఇంకొక మాట. ఏ గింజయైనను, ఏ పూసయైనను మూడేండ్ల లోపు పిల్లలకు అందనివ్వకండి. గొంతులో పడితే ప్రమాదము.

పూసలు మనకు కొత్త కాదు

ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట కొండలలో సవర స్త్రీలు మెడనిండ పూసల పేటలు వేసికొనుట మనము సంతలలో చూస్తూనే ఉన్నాము. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు మీద చెక్కి, లక్కరంగు పట్టించి బొమ్మలతోపాటు పూసలు, గాజులు కూడా చేస్తారు. ఆ పనితనమునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మచిలీపట్నము దగ్గర చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్ నగలకు పేరు పొందింది. బంగారము కొనలేని ఇంటివారు కూడా బిడ్డ మెడ బోసిగా ఉండకూడదని కోరుకొన్నందువలననే ఇవన్నియు నిలిచినవి. ఆ కోరికను గర్వమని నేను అంతకాలము అనుకొన్నాను.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

మా కూడిక సంగతి తెలిసి సంఘ పెద్దలలో ఒకరు నన్ను నిలదీశారు. "అయ్యగారూ, పోయిన ఆదివారము నగలు వద్దని బోధించి, ఈ వారము మందిరములోనే దండలు చేయిస్తున్నారు. ఏది నిజము?" న్యాయమైన ప్రశ్న. నేను మరల గ్రంథము దగ్గరకు వెళ్లాను.

మొదటి పేతురు 3:3లో నగలతోపాటు వస్త్రముల మాట కూడా ఉన్నది. అక్షరార్థముగా నిషేధమనుకొంటే వస్త్రములను కూడా నిషేధించవలసివస్తుంది. అపొస్తలుడు చెప్పుచున్నది అది కాదు. నీ విలువ వెలుపట ఉన్నదానిలో లేదు, దేవుడు చూచునది లోపలి మనిషిని అని ఆయన భావము. ఈ మాట నగలు ఉన్నవారి గర్వమును అణచుటకు ఎంత ఉపయోగపడునో, నగలు లేనివారి సిగ్గును తుడుచుటకు కూడా అంతే ఉపయోగపడును. నేను మొదటి సగము మాత్రమే బోధించాను.

ఇశ్రాయేలీయుల చెవిపోగులను చూడండి. నిర్గమకాండము 32లో అవి దూడ అయినవి. 35వ అధ్యాయములో ప్రత్యక్షగుడారమునకు కానుక అయినవి. లోహములో మార్పు లేదు. అదే 35లో బెసలేలు రత్నములు చెక్కుటకు, కర్రపని చేయుటకు దేవుని ఆత్మతో నింపబడెను. చేతిపనికి కూడా ఆత్మ నింపుదల ఉన్నదని ఎరుగుట మంచిది. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారునికి తండ్రి మొదట ఉపన్యాసము చెప్పలేదు, చేతికి ఉంగరము పెట్టించెను (లూకా 15:22). యాకోబు పత్రిక 2వ అధ్యాయము బంగారు ఉంగరము పెట్టుకొన్నవానిని గద్దించుట లేదు. వానికి మంచి చోటు ఇచ్చి, దరిద్రుని నిలువబెట్టిన సంఘమును గద్దించుచున్నది. మా మందిరములో ఆ సహోదరి తలుపు ప్రక్కన కూర్చొనెను.

ఇంకొక సంగతి. ఎలీషా అప్పులపాలైన విధవరాలిని ఇంటిలో ఏమున్నదని అడిగెను (2 రాజులు 4). ఉన్నది కొంచెము నూనె. ప్రభువు ఆకలిగొన్న జనసమూహము ఎదుట ఉన్న రొట్టెలనే తీసికొనెను. లేనిదానిని తెమ్మని ఆయన పేదవారిని అడుగుట లేదు.

దండ ఎవరి మెడలో పడింది?

ఆ సహోదరి మొదటి గురువారము రాలేదు. రెండవ గురువారము వచ్చింది. జీడిపప్పు ఒలిచి ఒలిచి ఆమె వ్రేళ్లు ఎంత చురుకైనవంటే, మిగిలినవారు రెండు పూసలు చుట్టేలోగా ఆమె ఐదు చుట్టేది. త్రికోణములు కొన్ని ఇంటికి తీసికొని పోయింది. రక్తశుద్ధి లేని రోజులలో ఆమె భర్త అరుగు మీద కూర్చొని తానే చుట్టెనట. సంవత్సరముల తరబడి ఇంటికి తాను ఏమియు తేలేకపోతున్నానని బాధపడిన మనిషి ఆయన. ఆ దండలోని పూసలలో ఎక్కువ భాగము ఆయన చుట్టినవే. నేను ఇంటి దర్శనమునకు వెళ్లినప్పుడు ఒక పూసను వెలుతురుకు పట్టి చూపించి, "ఇది అక్టోబరు నెల అయ్యగారూ. తుపాను నెల" అన్నాడు.

మరుసటి ఆదివారము ఆమె ఆ దండ వేసికొని వచ్చి నడుమ వరుసలో కూర్చున్నది. సంఘములోని మరి పదిమంది స్త్రీల మెడలో కూడా అవే దండలు. వారిలో ఇద్దరు, ఇంటిలో బంగారము ఉండి కూడా ఆ దినము దానిని పెట్టుకొని రాలేదు. వారికి ఎవరూ చెప్పలేదు. నేను వందసార్లు బోధించినా జరగని పని అది. ప్రశ్నించిన ఆ పెద్ద ఆ తరువాత మరేమియు అడగలేదు.

దండతో ఆ ఇంటి కష్టములు తీరలేదు. తాకట్టు బంగారము తిరిగి రాలేదు. 2021లో ఆ సహోదరుడు ప్రభువునందు నిద్రించెను. సమాధి కార్యక్రమము నాటి సాయంకాలము బంధువుల స్త్రీలు, లోకాచారము ప్రకారము, ఆమె మెడలోనిది తీయవలెనని ముందుకు వచ్చిరి. మన క్రైస్తవ కుటుంబములలో కూడా ఈ ఆచారము ఇంకా పూర్తిగా పోలేదని మీరెరుగుదురు. ఆమె ఆ దండను గుప్పిట పట్టుకొన్నది.

"ఇది ఆయన సుట్టిన కాగితాలండి. ఇది తియ్యను."

వారు నా వైపు చూచిరి. విధవరాలి వస్త్రమును తాకట్టుగా తీసికొనకూడదని ద్వితీయోపదేశకాండము 24:17లో ఉన్నదని చెప్పి, ఆమె మెడ మీద ఎవరూ చేయి వేయకూడదంటిని. నా సేవలో నేను చేసిన ప్రసంగములన్నిటిలో అదే మిక్కిలి చిన్నది. ఆ దండ ఆమె మెడలోనే ఉండిపోయింది.

మన సంఘములకు ఒక మనవి

ఈ జనవరిలో స్త్రీల సమాజములవారు, ఆదివారపు బడి ఉపాధ్యాయులు పాత క్యాలెండర్లను ప్రోగుచేయండి. ఒక సాయంకాలము అందరు కలిసి పూసలు చుట్టండి. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు తెరుచుకొంటుంది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు బయటికి రాని బాధలు పూస చుట్టుతూ బయటికి వస్తాయి. ప్రక్కింటిలో ఏమి తాకట్టులో ఉన్నదో అప్పుడు తెలుస్తుంది. తెలిసినదానిని బయట చాటకండి. చేయగలిగినది చేయండి. చేసినది ఇచ్చేటప్పుడు దానముగా ఇవ్వకండి, కలిసి చేసి కలిసి వేసికొనండి.

నాతోటి సేవకులకు ఒక మాట. నగలను గూర్చి ప్రసంగించే ముందు ఆ వారములో ఇండ్లు దర్శించండి. తలుపు ప్రక్కన కూర్చున్నవారి ఇంటికి మొదట వెళ్లండి.

దయయు సత్యమును కంఠభూషణముగా ధరించుకొమ్మని సామెతల గ్రంథము 3వ అధ్యాయము మనకు బోధించుచున్నది. ఏ తాకట్టు కొట్టును తీసికొనలేని ఆ భూషణమును మన స్త్రీలకును పురుషులకును ప్రభువు అనుగ్రహించును గాక. ఆమెన్.